దేవమాలి డేరాలకు మోసుకెళ్ళిన మామిడికాయలు

మా సుబ్బలక్ష్మి వదినకి రాజోలు అవతల, సముద్రం హోరు వినపడేంత దగ్గరలో ఒక కొబ్బరితోట ఉంది. మూడు తరాలుగా వాళ్ళదే. కొబ్బరికాయ ధర పడిపోయినప్పుడల్లా ఎవరో ఒకరు వచ్చి ఆవిడ చెవిలో ఒకే మాట ఊదుతున్నారు. నాలుగు చెట్లు తీయించి రెండు చెక్క గదులు, నాలుగైదు గుడారాలు వేస్తే హైదరాబాదు వాళ్ళు వారం వారం వచ్చి పడతారట. వదిన నోట్లో నువ్వుగింజ నానదు గానీ చెట్ల విషయంలో మాత్రం గట్టి మనిషి. ‘‘అలాంటి చోట నేను స్వయంగా పడుకుని లేస్తే గానీ నా చెట్టు మీద గొడ్డలి పడనివ్వను’’ అంది.

ఆ మాట విన్నప్పుడు నాకు పద్మ గుర్తొచ్చింది. నేను కాకినాడలో ఆడపిల్లల కాలేజీలో పాఠాలు చెబుతాను. పద్మ నా దగ్గర చదువుకున్న పిల్ల. వాళ్ళది రాయగడలో కిరాణా హోల్‌సేలు వ్యాపారం. చదువయ్యాక షాపులో కూర్చోకుండా, కొరాపుట్ జిల్లాలో దేవమాలి కొండ కింద ఒక పల్లెలో డేరాల బస నడుపుతోందని విన్నాను. ఫోన్ చేసి వస్తున్నామని చెప్పి, ఏం తెమ్మంటావని అడిగాను.

‘‘ఏటీ తేవొద్దు మేడమ్. ఉత్త సేతుల్తో వచ్చీండి. తినే సరుకైతే అసలే వొద్దు’’ అంది.

ఈ మాట మన వైపు ఏ ఇంట్లో అనరు? ‘అబ్బే, ఏమీ తేకండి’ అనడం ఇంటివాళ్ళ మర్యాద, ఆ మాట వినకుండా ఏదో ఒకటి పట్టుకెళ్ళడం చుట్టాల మర్యాద. వదిన పోయినేడాది ఆవకాయ జాడీకి గుడ్డ కట్టింది. పూతరేకులు సర్దింది. ఉగాది వెళ్ళిన వారంలో బయల్దేరాం. సముద్రం పక్క తోట కోసం కొండలెక్కడం ఏమిటని మా ఆయన నవ్వుతూనే ఉన్నారు.

గునుపురం

రాష్ట్రం మారిందని మైలురాయి చెబితే తెలిసింది గానీ నేల చెప్పలేదు. వంశధార పక్కన అవే వరి మళ్ళు, అవే పత్తి చేలు, గట్ల మీద అవే తాటిచెట్లు. గునుపురం చుట్టుపక్కల పొలాలు చేసే వాళ్ళలో చాలామంది శ్రీకాకుళం వైపు నుంచి వెళ్ళినవాళ్ళే. చెక్క గదులెలా ఉంటాయో చూద్దామని మేం దారిలో దిగింది అప్పలనాయుడు గారనే రైతు పొలంలో. సరుగుడు వాసాల మీద పెంకు కప్పి, చెక్క గోడలు కొట్టించి రెండు గదులు వేశారాయన. ఊళ్ళో ఉన్న కాలేజీకి పిల్లల్ని చేర్చడానికి వచ్చే తల్లిదండ్రులు దిగుతారట. భోజనంతో కలిపి రోజుకి వెయ్యి రూపాయలు.

వదిన గది చూడటం ఎలా చూసిందంటే, పెళ్ళిచూపులకి వచ్చిన అత్తగారు కూడా అలా చూడదు. గోడ తట్టింది. మంచం కింద వంగింది. పంపు తిప్పి నీళ్ళు నోట్లో పోసుకుంది.

‘‘చెదలు పట్టదాండీ ఈ చెక్కకి?’’

‘‘పడతాదమ్మా, ఎందుకు పట్టదు? ఏడాదికోసారి మందు పూస్తాను’’ అన్నారు నాయుడు గారు. ‘‘సెదల కన్నా మడుసుల్తో కష్టం. వచ్చినోలందరూ టీవీ లేదేటి అనడుగుతారు. అదిగో ఏరు, అదిగో పొలం, ఇంకేటి సూపించాల నాను?’’

మధ్యాహ్నం చింతచిగురు పప్పు, ఎండుచేపల ఇగురు, తోటకూర వేపుడు పెట్టారు. తిని వసారాలో కూర్చుంటే ఎదురుగా మామిడిచెట్టు, చేతికి అందేలా కాయలు. పొలం పనికి వచ్చిన ఒక సవర ఆవిడ ఆ చెట్టు కిందే కూర్చుని చోడి అంబలి తాగుతోంది. నంచుకోవడానికి ఉప్పు, పచ్చిమిరపకాయ తెచ్చుకుంది. నెత్తికి తగిలే కాయల్ని చేత్తో పక్కకి తోసింది గానీ ఒక్కటీ కోయలేదు.

‘‘పాపం, అడగడానికి మొహమాటపడుతోందేమో, ఓ కాయ కోసివ్వండి’’ అంది వదిన.

‘‘ఇచ్చినా తినదమ్మా’’ అని నవ్వారాయన. ‘‘ఆళ్ళ ఊళ్ళో ఇంకా మావిడికొత్త సెయ్యలేదు. పూజ అయ్యేదాకా ఏ కాయా ముట్టరు. మాకు ఉగాదితో అయిపోనాది గానీ.’’

వినడం విన్నాం. ఎంత నిగ్రహమో అని నేను మెచ్చుకున్నాను కూడా. మర్నాడు బస్సెక్కేముందు నాయుడు గారి భార్య ఒక వెదురుబుట్ట నిండా కాయలు కోసి తెచ్చింది. ‘‘ఒట్టి సేతుల్తో ఎలాగ పంపీడం అమ్మా’’ అంది. వదిన మొహం విప్పారింది. పద్మకి పప్పు చేసి పెడతానని ఆ క్షణమే చెప్పేసింది. ఆ బుట్ట చేతికి వచ్చినప్పుడు చెట్టు కింద కూర్చున్న మనిషి మా ఇద్దరిలో ఒక్కరికీ గుర్తు రాలేదు.

రాయగడ

రాయగడలో బస్సు దిగుతూనే టీ తాగాం. టీ పది, వేడి వేడి బరాలు, బఠాణీ ఘుగుని కలిపి ఆకు దొప్పలో ముప్ఫై. గారెలే గదా అని కొరికితే గారె కాదు, అలాగని వేరేదీ కాదు. నేను రెండో దొప్ప కూడా తీసుకున్నాను. మజ్జిగౌరి అమ్మవారి దర్శనం చేసుకుని, సామాను ఒక లాడ్జిలో పడేసి పద్మ వాళ్ళ షాపుకి వెళ్ళాం.

చింతపండు, పసుపు బస్తాల మధ్య వాళ్ళ నాన్నగారు గల్లాపెట్టె దగ్గర కూర్చుని ఉన్నారు. బేరం వచ్చిన వాళ్ళతో ఒకసారి ఒడియా, ఒకసారి దేశియా, గుమస్తాతో తెలుగు, ఫోన్లో హిందీ. కొండ సంతల్లో అందరూ మాట్లాడే ఒడియానే అక్కడ దేశియా అంటారు. నేను పద్మ టీచర్నని చెప్పగానే లేచి నిలబడి కుర్చీ వేయించారు. కాసేపటికి అసలు మాట బయటపెట్టారు.

‘‘మీరైనా సెప్పండి మేడమ్. మూడేళ్ళయింది అది ఆ కొండ కింద డేరాలేసి. బస ఊరి సంఘం పేరు మీదే ఉంది, నేల ఊరిదే. బుకింగులూ సామాన్లూ ఇది సూస్తాది. ఏటేటా సైత్రం పండగకి ఊరోలు కూకుని, ఉండొచ్చా లేదా అని సెప్తారు. ఊరి మడుసులతో కలిసున్నానని ఇదనుకుంటాది. పండగకి ఒక్క ఏడాదైనా పిలిసేరా? పిలవలేదు. ఈ ఏడాది ఊరు ఒద్దంటే ఇక ఇంటికొచ్చీమన్నాను. సరేనంది.’’

‘‘ఉండమంటారు లెండి’’ అన్నాను, ఏదో ఒకటి అనాలి గనక.

‘‘ఉండమంటే నాకూ సంతోషమే గదా. పిల్ల అక్కడ నవ్వుతాది’’ అన్నారాయన. మాకు కాఫీతో పాటు అటుకుల పొట్లం కట్టించి ఇచ్చారు. లాడ్జిలో ఉన్న బుట్ట ఈయన కళ్ళ పడి ఉంటే కథ అక్కడితో ఆగిపోయేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

కొండ మీదికి

రాయగడ నుంచి కొరాపుట్ రైలు దారి సగం కొండ బయట, సగం కొండ లోపల. సొరంగంలోకి వెళ్ళగానే పిల్లలు అరుస్తారు, బయటికి రాగానే కిటికీలకి అతుక్కుంటారు. వదిన ప్రతి చీకట్లోనూ మామిడికాయల బుట్ట మీద చెయ్యి వేసి కూర్చుంది. ఎదురు సీట్లో సునాబెడ ఫ్యాక్టరీలో పనిచేసే ఒకాయన, క్వార్టర్సులో ఇరవై ఏళ్ళుగా ఉంటున్నా దేవమాలి ఇంతవరకూ ఎక్కలేదని సిగ్గుపడకుండా చెప్పాడు. మా ఊళ్ళో సముద్రం చూడని వాళ్ళు లేరా ఏమిటి?

కొరాపుట్లో దిగగానే గాలి మారింది. ఏప్రిల్ నెలలో మిట్టమధ్యాహ్నం చెమట పట్టకపోవడం కోనసీమ మనిషికి అనుమానంగా ఉంటుంది. సంతలో ఇప్పపూలు కుప్పలు పోసి అమ్ముతున్నారు. తియ్యటి వాసన, కాస్త తల తిప్పేలా ఉంది. చిన్న గింజ నల్లజీలకర్ర లాంటి బియ్యం చూసి వదిన గుప్పిట్లోకి తీసుకుంది. కిలో నూట నలభై అన్నారు. మన ధర కాదని వదిలేసి, నాలుగడుగులు వేసి, వెనక్కి వెళ్ళి రెండు కిలోలు కొంది.

అక్కడి నుంచి ఆటో. దారిలో ఒక ఊరి ముందు వెదురుగడ అడ్డం పెట్టి ఆడవాళ్ళు చేతులు పట్టుకుని పాడుతున్నారు. చైత్రం పండగలో దారిన పోయే బండ్లని ఆపి చందా అడగడం అక్కడి ఆచారం. వదిన దిగి ఇరవై రూపాయలిచ్చి ఊరుకోకుండా వాళ్ళ వరసలో నిలబడి నాలుగు అడుగులు కూడా వేసింది. అందరూ ఒకేలా కుడికి ఒరిగితే ఈవిడ ఎడమకి ఒరిగింది. వాళ్ళు పగలబడి నవ్వి, ఉప్పు అద్దిన మామిడి ముక్క ఒకటి ఆవిడ చేతిలో పెట్టారు.

‘‘చూశావా, ఇక్కడా తింటున్నారు’’ అంది ఆటో ఎక్కుతూ. ఈ ఊరికి కొత్త అయిపోయిందని, పక్క ఊరికి కాలేదని, ఏ ఊరి రోజు ఆ ఊరిదని మాకు చెప్పేవాళ్ళు ఆటోలో ఎవరూ లేరు.

డేరాల్లో

ఊరి పేరు రాయొద్దని పద్మ అడిగింది కాబట్టి రాయను. వాలు నేల మీద రెండు చెక్క గదులు, ఐదు డేరాలు, ఒక వంటపాక. వెనక అల్లం మళ్ళు, ముందు లోయ, ఎదురుగా దేవమాలి. మేం తప్ప వేరే బసవాళ్ళు లేరు. పద్మ పరుగెత్తుకొచ్చి నా కాళ్ళకి దణ్ణం పెట్టింది. నల్లబడింది, గొంతు పెద్దదయింది. కాలేజీలో నోరు విప్పని పిల్ల ఇక్కడ అవతలి వాలు మీద ఉన్న మనిషితో కేక వేసి మాట్లాడుతోంది.

డేరా అద్దె తొమ్మిది వందలు, చెక్క గది పదహారు వందలు. వదిన డేరాలోనే ఉంటానంది. లోపలికి వెళ్ళి జిప్పు వేసుకుంది. అది మళ్ళీ రాలేదు. ఎంత లాగినా గుడ్డలో ఇరుక్కుని కదలదు. లోపలి నుంచి ‘‘ఏవే, నన్నిలా మూటగట్టి ఎక్కడికి పంపుతారే!’’ అని కేకలు. పద్మ కొవ్వొత్తి ముక్క రుద్ది జిప్పు తెరిచేసరికి వదిన చెమటలతో బయటపడింది. ‘‘మన తోటలో డేరాలు వద్దు. గదులే’’ అని తీర్మానం చేసింది.

వంట గురుబారి చేస్తుంది. ఊరి మనిషే. బక్కపలచగా, ముక్కుకి రెండు వైపులా పుడకలతో, కళ్ళతోనే నవ్వే మనిషి. గురువారం పుట్టింది గనక గురుబారి. ఆవిడకి తెలుగు కొద్దిగా వచ్చు, వదినకి దేశియా బొత్తిగా రాదు. అయినా ఇద్దరూ కలిసి అరగంటలో పొయ్యి గురించి, కోడళ్ళ గురించి మాట్లాడేసుకున్నారు. సాయంత్రం పద్మ నాకు అల్లం మళ్ళు చూపించడానికి తీసుకెళ్ళింది. గురుబారి నీళ్ళకి వెళ్ళింది.

మేం తిరిగొచ్చేసరికి పోపు వాసన. ఇంగువ, ఎండుమిరపకాయలు. నాకు నోరూరింది. పద్మ మాత్రం ఉన్న చోటే ఆగిపోయింది.

వంటపాక గుమ్మం బయట గురుబారి నిలబడి ఉంది. నీళ్ళ బిందె కింద దించేసింది. లోపల వదిన పీట మీద కూర్చుని, చుట్టూ మామిడి తొక్కలతో, పప్పు గిన్నెలో గరిటె తిప్పుతోంది. ‘‘రా రా, రుచి చూద్దువు గాని’’ అని గురుబారిని పిలుస్తోంది.

గురుబారి లోపలికి రాలేదు. ‘‘కొత్త అవలేదు’’ అని తెలుగులోనే అంది. పద్మతో దేశియాలో ఏదో తక్కువ మాటల్లో చెప్పి, బిందె అక్కడే వదిలేసి ఊళ్ళోకి వెళ్ళిపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది మాకు గునుపురంలో చెట్టు కింద కూర్చున్న ఆవిడ. చేతులు కాలాక ఆకులు.

‘‘ఎల్లుండి ఊళ్ళో మావిడికొత్త పిన్నీ’’ అంది పద్మ. ‘‘నేలతల్లికి పెట్టకుండా ఊరి హద్దులో ఎవలూ మావిడికాయ కొయ్యరు, ఒండరు. ఆ పొయ్యి ఇంక గురుబారి ముట్టదు. రేపు ఊరోలు కూకుంటారు. ఈ ఏడు మమ్మల్ని ఉండమనాలో ఒద్దనాలో సెప్పేది కూడా రేపే.’’

‘‘మరి ముందే చెప్పొచ్చు కదమ్మా!’’

‘‘మేడమ్‌కి ఫోన్లో సెప్పేను కదా పిన్నీ. తినే సరుకు అసలే తేవొద్దన్నాను.’’

‘‘అది మర్యాదకి అంటున్నావనుకున్నానమ్మా’’ అంది వదిన. గరిటె ఆవిడ చేతిలోనే ఉండిపోయింది.

పప్పు ఎవరూ తినలేదు. షాపులో కట్టించిన అటుకులు నీళ్ళల్లో నానబెట్టుకుని తిన్నాం. పద్మ ఒక్క మాట కూడా గట్టిగా అనలేదు. అంటే బాగుండునని నాకు అనిపించింది. మూడేళ్ళ దాని కష్టం ఒక గిన్నెడు పప్పులో పడి మునిగిపోతోందని నాకు చాలా బాధేసింది.

బండల మీద

తెల్లవారగానే పిలుపు వచ్చింది. ఊరి మధ్య పెద్ద బండలు గుండ్రంగా పరిచి ఉన్నాయి, పెద్దలు కూర్చునేవి. ఊరి పూజారిని అక్కడ జాని అంటారు. ముసలాయన కాదు, యాభై ఏళ్ళుంటాయి. సాలూరు సంతకి అల్లం అమ్ముకోవడానికి వచ్చిపోయే మనిషి కావడంతో తెలుగు బాగానే వచ్చు. మమ్మల్నీ కూర్చోమన్నారు. గురుబారి అవతల ఆడవాళ్ళలో ఉంది. మా వైపు చూడలేదు.

వదిన కూర్చోలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. ‘‘పద్మకి తెలీదండీ. ఆ పిల్ల అల్లం చేలోకి వెళ్ళింది. కాయలు నావి, కత్తిపీట పట్టింది నేను. వేసే శిక్ష నాకు వేయండి, ఆ పిల్లని ఏమీ అనకండి’’ అంది. ఆ మనిషి ఇలా ఒకరి ముందు తల వంచుకుని మాట్లాడటం నేను ఎప్పుడూ చూడలేదు.

అంతటితో ఆగిందా? సంచిలోంచి ఆవకాయ జాడీ తీసి జాని ముందు పెట్టింది. ‘‘ఇది కూడా మామిడికాయే. దీన్నీ దాచిపెట్టానని రేపు అనుకోకుండా ఇప్పుడే చెబుతున్నాను. ఇదీ తప్పేనా?’’

జాని గుడ్డ విప్పి వాసన చూశాడు. పక్కాయనకి ఇచ్చాడు. జాడీ ఒక చుట్టు తిరిగింది. ఒకాయనకి ఘాటుకి దగ్గొచ్చింది. వాళ్ళలో వాళ్ళు చాలాసేపు మాట్లాడుకున్నారు. నాకు అర్థమైనంతలో అది తీవ్రమైన చర్చే. ఒక ముసలావిడ లేచి ఏదో అడ్డు చెప్పింది, ఇంకొకాయన కాదన్నాడు.

చివరికి జాని జాడీ వదిన చేతికి తిరిగిచ్చాడు. ‘‘ఇది పోయినేటి కాయ. దీనికి పోయినేటి పండగ అయిపోనాది. తినొచ్చు. నిన్న కోసింది తప్పు.’’

‘‘మరి దానికి?’’

‘‘ఆ పొయ్యి పడగొట్టాల. ఆ కుండలు బయటెయ్యాల. కోసిన కాయా, మిగిలిన కాయా ఆవులకి. రేపు పూజకి మీ డేరాల తరపున కోడి, బియ్యం ఇయ్యాల. పూజయ్యేక ఊరందరిలాగే నిప్పు పట్టుకెళ్ళి కొత్త పొయ్యి ముట్టించాల. కాయ కోసిన మడిసి అందరికన్నా ఆకర్న తినాల.’’

వదిన అన్నిటికీ తలూపింది. పద్మ అప్పటిదాకా నేల చూస్తూ కూర్చుంది. ఇక ఉండబట్టలేక లేచింది.

‘‘డేరాల మాటేటి? తీసీమంటారా?’’

జాని ఆ పిల్ల వైపు వింతగా చూశాడు. ‘‘తీసీడమేటి?’’ అన్నాడు. ‘‘పోయినేడు కారులోలు వచ్చేరు, రోడ్డు పక్కన కాయలు కోసుకుని మా కళ్ళ ముందే తిన్నారు. ఆలకి తప్పెయ్యలేదే మేం, దండుగ అడగలేదే. దారిన పోయేవోలు, ఆలు ఏటి తింటే మాకేటి? తప్పు ఊరోలికే ఏస్తాం. మీ పొయ్యి ఊరిది కాకపోతే అది పడగొట్టమని ఎందుకు సెప్తాం అమ్మీ?’’

పద్మ మళ్ళీ కూలబడి చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు. అవతల నుంచి గురుబారి లేచి వచ్చి దాని పక్కన కూర్చుంది, వీపు మీద చెయ్యి వేసింది. మూడేళ్ళుగా ‘ఉండొచ్చు’ అన్న మాట ఆ పిల్ల విన్నది గానీ, ‘మీ పొయ్యి ఊరి పొయ్యి’ అన్నవాళ్ళు లేరు. శిక్ష పడి ఇంత సంతోషించిన మనిషిని నేను చూడలేదు.

కొత్త పొయ్యి

ఆ రోజంతా పని. వదిన తన చేత్తోనే పలుగు పట్టి పొయ్యి పడగొట్టింది. గురుబారి ఎర్రమట్టి, పేడ, ఊక కలిపి కాళ్ళతో తొక్కుతుంటే వదినా చీర ఎగదోపుకుని దిగింది. మన ఇళ్ళల్లో గ్యాసు వచ్చాక మట్టిపొయ్యి ఎలా పెడతారో మర్చిపోయాం. మూడు గడ్డలు లేపి, లోపలివైపు చేత్తో నున్నగా రాయడం నాకు ఎంతకీ కుదరలేదు. నేను రాసిన గడ్డ ఒరిగిపోతే గురుబారి చూసి, ఏమీ అనకుండా, తీసి మళ్ళీ పెట్టింది. బుట్టలో కాయలు ఆవులకి పెట్టేశాం. వదిన దూరంగా నిలబడి ఆవులు నమలడం చూస్తూ నిట్టూర్చింది.

పొయ్యి లేనివాళ్ళకి ఊరే పెట్టాలట. మధ్యాహ్నం ఒక ఇంటి నుంచి చోడి అంబలి వచ్చింది, అక్కడ మండియా పేజ్ అంటారు. సాయంత్రం ఇంకో ఇంటి నుంచి అన్నం, వెదురు కొమ్ముల కూర. అంబలి మన శ్రీకాకుళం వాళ్ళదే గానీ ఇంకొంచెం పలచన, పులుపు ఎక్కువ. వదిన ఆవకాయ నంచుకుని తాగింది. జాడీ మళ్ళీ నాలుగిళ్ళు తిరిగి ఖాళీగా తిరిగొచ్చింది.

మర్నాడు పూజ. ఆడవాళ్ళం ఇళ్ళ దగ్గరే ఉన్నాం. డప్పులు, సన్నాయి లాంటిది ఏదో మోగాయి. కాసేపటికి మగవాళ్ళు నిప్పు పట్టుకుని వచ్చారు. ఒక్కొక్క ఇంటి ముందు ఆగుతున్నారు. మా పాక ఊరి చివర, వాలు దిగాక. అక్కడిదాకా వస్తారా అని పద్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది. జాని వాలు దిగి వచ్చి, నిప్పు గురుబారి చేతిలో పెట్టాడు. గురుబారి పొయ్యి ముట్టించకుండా పద్మ చేతికి ఇచ్చింది.

ఊరి మధ్య అందరికీ పచ్చిమామిడి ముక్కలు పంచారు. ముందు పిల్లలు, తర్వాత పెద్దవాళ్ళు. మా వదిన వరసలో ఆఖరున, బుద్ధిగా చేతులు కట్టుకుని. ఉగాదికి ముందు నుంచి రోజూ మామిడికాయ తింటున్న మనిషి. పిల్లలు ఆవిడ ముందుకొచ్చి కసుక్కున కొరికి చూపించి మరీ పరుగెడుతున్నారు. ఆఖరికి చిన్న ముక్క దొరికింది. ఉప్పులో అద్దుకుని నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుంది.

‘‘ఎలా ఉంది వదినా?’’

‘‘పుల్లగా ఉందే’’ అంది. ‘‘ఎన్నాళ్ళయిందో ఇంత పుల్లటి కాయ తిని.’’

అప్పుడు గురుబారి ఊరి కాయలు నాలుగు ఒడిలో వేసుకుని వచ్చి వదిన ముందు పోసింది. ‘‘మీ పప్పు ఎలాగ? సూపించు’’ అంది.

తోట

తిరిగొచ్చి రెండు నెలలు దాటింది. పద్మ వాళ్ళ నాన్నగారు ఫోన్ చేసి, ఎండలు తగ్గాక తానే డేరాలు చూడ్డానికి వెళ్తానని చెప్పారు. ఊరు కోడి అడిగిందని విని చాలాసేపు నవ్వారు.

వెళ్ళాలనుకునే వాళ్ళకి నేను చెప్పగలిగింది కొద్దే. దుప్పటి పట్టుకెళ్ళండి, అక్కడ ఏప్రిల్లోనూ చలేస్తుంది. జిప్పు రాకపోతే కొవ్వొత్తి రుద్దండి. తేవద్దన్నది తీసుకెళ్ళకండి.

వదిన ఇంకా గదులు వేయలేదు. తోట వెనక జాలర్ల పాలెం ఉంది. వచ్చిన వారంలోనే అక్కడికి వెళ్ళి, పెద్దల్ని కూర్చోబెట్టి అడిగిందట. మా తోటలోకి బయటివాళ్ళు వచ్చి ఉంటారు, మీ ఊళ్ళో ఏ రోజుల్లో ఏది చేయకూడదో, ఏది తినకూడదో చెప్పండి, తప్పు చేస్తే ఏం వేస్తారో కూడా చెప్పండి అని. వాళ్ళు నవ్వేశారట. ‘‘మీకెందుకండీ అయ్యన్నీ? మీ తోట, మీ ఇట్టం. మీరేం చేసుకున్నా మేం అడగమండీ’’ అన్నారట.

ఆ సాయంత్రం వదిన మా ఇంటికి వచ్చింది. కాఫీ ఇస్తే పక్కన పెట్టేసింది.

‘‘మూడు తరాల నుంచీ ఆ పాలెం పక్కనే ఉన్నామే’’ అంది. ‘‘తప్పెయ్యరట మనకి.’’